చంపి పటం కట్టిన అచ్చు

మా అర్థశాస్త్రం సారు పోయారన్న కబురు నాకు ఫోనులో పూలదండ బొమ్మతో వచ్చింది. పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు. చూస్తుండగానే దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. అన్నీ ఒకటే బొమ్మ. సొంతంగా ఒక మాట రాసినవాడు లేడు. సారు చూసి ఉంటే "మిల్లు సరుకు" అని ఫోను పక్కన పడేసేవారు.

నేను నంద్యాల బస్టాండు దగ్గర రెడీమేడ్ బట్టల అంగడి నడుపుతాను. సారు కాలేజీలో పాఠాలు ముగించుకుని, సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు వచ్చేదాకా నా అంగట్లో స్టూలు మీద కూర్చునేవారు. కూర్చుని నా సరుకును తిట్టేవారు. ఎదుట గిరాకీ ఉన్నా ఆగేవారు కాదు. ఒకసారి పెళ్లి బట్టలకని వచ్చిన కుటుంబం చూస్తుండగా ఒక చొక్కా తిరగేసి పట్టుకున్నారు.

"ఇది ఎవురు కుట్నారప్పా?"

"తెలీదు సార్."

"కుట్టినోళ్లకే తెలీదులే. ఒకామె దినమంతా కాలర్లే కుడతాది. ఇంకొకామె గుండీలే కుడతాది. చొక్కా మొత్తం ఎట్లుంటాదో ఇద్దురూ చూడరు. దీన్నే మన పుస్తకంలో శ్రమ విభజన అంటాండారు. రాస్తే మార్కులు గూడా ఇస్తారు."

ఆ కుటుంబం లేచి పక్క అంగడికి పోయింది. నాకు ఒళ్లు మండింది. "మీరు వేసుకున్న చొక్కా ఏ మగ్గం మీద నేసింది సార్?" అని అడిగేశాను.

ఆయనకు కోపం రాలేదు. "ఇదీ మిల్లుదే. నా మొదటి నిక్కరు గూడా మిల్లు గుడ్డే. మా నాయన నేసిన గుడ్డ కొనే తాహతు మాకు యాడుండె?" అన్నారు.

నేను ఆయన మాటను నమ్మింది అందుకే. ఆయనకు మగ్గం మీద మోజు లేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని కూర్చుని నాయన నడుము పోయిందని ఆయనే చెప్పేవారు. మిల్లు రావడమే పాపమని కూడా అనలేదు. వచ్చేటప్పుడు నేసేవాళ్లను పిలిచి ఎవరూ ఒక మాట అడగలేదు. ఆయన మంటంతా దాని మీదే. చవక గుడ్డ అందరికీ మేలు చేసిందని పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ అందరిలో సారు వాళ్ల నాయన లేడు. ఆయన ఇంకో పాఠంలో, మిగులు శ్రామికుల కింద ఉన్నాడు. ఆ పాఠం వచ్చిన రోజు సారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, "రాసుకోండప్పా. మిగులంటే మా నాయన" అనేవారు. మేం నవ్వేవాళ్లం. ఆయన మా నవ్వు ఆగేదాకా కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఆ నాయన ఆళ్లగడ్డలో మగ్గం విప్పి అటక మీద పెట్టి, నంద్యాలలో నూలు మిల్లుకు కూలికి పోయాడు. తన మగ్గాన్ని మూలకు తోసిన యంత్రాలకే నూలు అందించే పని. పోయేముందు అచ్చును మాత్రం ఇంట్లో గోడకు తగిలించాడు. అచ్చంటే పడుగు దారాలను, అంటే నిలువు దారాలను, వరుసలో నిలిపే పొడవాటి దువ్వెనలాంటిది. దాని పళ్ల సందులను కన్నులంటారు. నేసిన గుడ్డను కోసేటప్పుడు నేతగాళ్లు పడుగు దారాలను మొత్తం లాగేయరు. జానెడు కొనలను అచ్చులోనే వేలాడనిస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్కో కొనకు ఒక్కో కొత్త దారాన్ని మెలిపెడతారు. కొనలు ఉన్నంతకాలం ఆ మగ్గం ఆగిందనే గానీ, అయిపోయిందని ఎవరూ అనరు. "కొనలు కోయొద్దు నాయనా" అని కొడుక్కు చెప్పి మరీ మిల్లుకు పోయాడట. సారు వాటి జోలికి పోలేదు. దుమ్ము కూడా మెల్లగా ఊదేవారు, గుడ్డతో తుడిచేవారు కాదు.

సారు రిటైరైనప్పుడు కాలేజీ సన్మాన కమిటీ ఆ అచ్చును ప్రదర్శనకని అడిగి తీసుకుపోయింది. సన్మానం రోజు ముందు శాలువాలు కప్పారు. మెరుపుల పాలిస్టర్ శాలువాలు, ఒకదాని మీద ఒకటి, మండే ఎండల్లో. మైకులో చేనేత గొప్పతనం గురించి ఊదరగొడుతూనే కప్పారు. తర్వాత ఆయన్ను ఆశ్చర్యపరుద్దామని ఒక తెర తొలగించారు. వెనక అచ్చు. వార్నిషు పూసి, అద్దాల పటంలో బిగించారు. చూడటానికి నీటుగా ఉండాలని దారపు కొనలన్నీ కత్తిరించి పీకేశారు.

హాలంతా చప్పట్లు. కమిటీ పెద్దమనిషి, సారుతో పాటు పనిచేసిన లెక్చరరే, మైకు ఆయన ముందుకు జరిపి "ఎట్లుంది సార్?" అన్నాడు.

"చంపి పటం కట్టినారు గదప్పా," అన్నారు సారు.

జనం అది జోకనుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లను నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఆ పటంతో ఇంటికి పోయాక ఆయన నా అంగడికి రావడం తగ్గింది. ఒకసారి వచ్చి, తెల్ల నూలు దారపు చిలపలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. ఎందుకో చెప్పలేదు. మనిషిని పంపి తెప్పించి ఇచ్చాను. అవి సంచిలో పెట్టుకుని, నా చొక్కాల వైపు ఒకసారి చూసి, ఒక్క తిట్టూ తిట్టకుండా బస్సెక్కారు. ఆ రోజు అంగట్లో ఏదో వెలితిగా ఉండింది. ఆయన పుణ్యమా అని నేను ఇప్పటికీ ఏ చొక్కా మడతపెట్టినా ముందు తిరగేసి కుట్టు చూస్తాను. కుట్టిన చేతుల గురించి ఒక్క క్షణం ఆలోచిస్తాను. వ్యాపారానికి పనికొచ్చే అలవాటు కాదు గానీ, ఆయన ఇచ్చిపోయినందుకు సంతోషమే.

కబురు తెలిసి ఆళ్లగడ్డ చేరేసరికి సారు మీద మళ్లీ శాలువాలు. కమిటీ పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సారు కూతురితో, "ఆ పటం ఇస్తే కాలేజీ హాల్లో సారు ఫొటో పక్కన పెడతామమ్మా" అంటున్నాడు.

ఆమె లేచి లోపలి గదికి నడిచింది. ఇద్దరం వెంట వెళ్లాం. పటం అద్దం ఊడదీసి గోడకు ఆనించి ఉంది. అచ్చు రెండు కుర్చీల మీద అడ్డంగా ఉంది. ఎడమ చివర నుంచి ఒక్కో కన్నులో ఒక్కో తెల్ల దారం, జానెడు కొనలు వేలాడుతూ, సగం దాకా.

"దినాం పొద్దున్నే కూసుంటాండె," అంది ఆమె. "చెయ్యి వణుకుతాండె, కండ్లు ఆనేటివి కావు. ఒక కన్ను తప్పితే అంతా పీకి మళ్లా మొదలు పెడతాండె. ఎందుకు నాయనా ఇదంతా అంటే, తాత కోయొద్దన్నాడు పాపా, నా చేతిలో ఉండంగా కోసినారు అనె."

పెద్దమనిషి వంగి చూసి, "సగమే అయింది గదమ్మా. మేం నీటుగా చేయించి..." అన్నాడు.

"కత్తెర తెచ్చుకున్యావా అప్పా?" అన్నాను నేను.

అతను బయటికి పోయి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. సారును లేపే ముందు శాలువాలన్నీ తీసి అతని ఒళ్లోనే పెట్టాను. సారు మీద కూతురు తెచ్చిన కోరా గుడ్డ ఒక్కటే ఉంచాం. పటం గురించి మళ్లీ ఎవరూ అడగలేదు.

సాయంత్రం చెప్పి వద్దామని వెళ్లినప్పుడు ఆ గది తలుపు తీసే ఉంది. ఎడమవైపు తెల్ల కొనలు ఫ్యాను గాలికి కొద్దిగా కదులుతున్నాయి. కుడివైపు కన్నులన్నీ ఖాళీ. దారం లాగే చిన్న కొక్కెం మొదటి ఖాళీ కన్నులో దూర్చి ఉంది. దాని మొనకు తర్వాతి దారం తగిలించే ఉంది, ఇవతలికి లాగడమే మిగిలింది.