బాలనర్సయ్య మాట్లాడిన ఒక్క డైలాగు

బోరబండ బాలనర్సయ్యని మీరు చూసే ఉంటారు. పెళ్ళి సీన్లలో అక్షింతలు వేశాడు, కోర్టు సీన్లలో బల్లమీద కూర్చున్నాడు, వరదలో కొట్టుకుపోయాడు, రెండు సినిమాల్లో శవంగా పడుకున్నాడు. ఇరవయ్యేడేళ్ళుగా జూనియర్ ఆర్టిస్టు. ఇన్నేళ్ళలో కెమెరా ముందు నోరు తెరిచింది ఒక్కసారే, 2007లో. ఆ సినిమా విడుదల కాలేదు. రీళ్ళు ఎక్కడున్నాయో నిర్మాతకే తెలీదు.

ఆ సినిమాకి వెబ్‌సైట్ చేసింది నేను. నా పేరు సుందర్ రాజు, మాది తణుకు, కృష్ణానగర్‌లో ఫోటో ఆల్బమ్‌ల కొట్టు. అప్పట్లో సినిమా సైట్లన్నీ ఫ్లాష్‌లో చేసేవాళ్ళం. బొమ్మలు కదిలేవి, నొక్కితే మాట్లాడేవి. తర్వాత బ్రౌజర్లు ఫ్లాష్‌ని తీసి పారేశాయి. నాకొచ్చిన విద్య అదొక్కటి. ఆ మాటెత్తితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొన్న మంగళవారం ఆయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జూబ్లీహిల్స్‌లో ఓ సినిమా ఆఫీసుకి తెలంగాణ యాసలో మాట్లాడే తాత కావాలట. పదకొండు సీన్లు, అన్నిట్లోనూ మాటలే. "ఇంట్లో ఫోన్‌తో తీసింది వద్దు. సినిమా కెమెరా ముందు మాట్లాడింది పంపు. కొత్తవాళ్ళు సెట్లో బిగుసుకుపోతున్నారు" అన్నాడట అక్కడి మేనేజర్ వరప్రసాద్. బుధవారం నాలుగింటిదాకే గడువు.

"నీ సైట్ల నా డైలాగు ఉండెనట గద రాజన్నా, నేనైతే ఎన్నడు జూడలే. అరవై రెండొచ్చినయ్. ఇంకోపారి ఎవడు పిలుస్తడు నన్ను?" అన్నాడు.

ఏం చెప్తాం? అటకెక్కి పాత సీడీ దింపాను. ఫ్లాష్ ఫైళ్ళు నడిపించే కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటుంటే కంప్యూటర్‌లో వేశాను. సైట్ తెరుచుకుంది. వినాయకుడు వచ్చాడు, కొబ్బరికాయ వచ్చింది. కాయ పగల్లేదు, ఆ సాఫ్ట్‌వేర్ అక్కడే ఆగిపోయింది. పగిలితేగానీ లోపలికి వెళ్ళలేం. సైట్ మొదట్లో నాలుగు నిమిషాల ముహూర్తం పూజ పెట్టించాడు నిర్మాత. దాటేసే బటన్ పెడతానంటే, "పూజ మధ్యలో లేచిపోతారా ఎవరైనా?" అని కసిరాడు. మహానుభావుడు.

బుధవారం మధ్యాహ్నానికి పాత బ్రౌజర్, పాత ఫ్లాష్ సంపాదించాను. అది 2021 జనవరి దాటితే పనిచెయ్యనని మొరాయించే రకం. కంప్యూటర్ తేదీ వెనక్కి తిప్పాలి. 2020 డిసెంబర్ పద్నాలుగు అని కొట్టాను. బాలనర్సయ్య ఫోన్‌లో క్యాలెండర్ చూసి నిట్టూర్చాడు.

"గా దినం అమాస రాజన్నా."

"ఇది కంప్యూటర్ నర్సయ్యగారూ."

"కొబ్బరికాయ గొడ్తున్నం గద."

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి, నాకీ లెక్కలు తెలీవు. చివరికి ఆ ఏడాది దసరాకి తిప్పాం. కాయ పగిలింది. అమావాస్య రోజైనా పగిలేదే, కానీ ఆయనతో ఎవరు వాదిస్తారు? ఇద్దరం చేతులు కట్టుకుని నాలుగు నిమిషాల పూజ చూశాం. తర్వాత ‘డైలాగులు’ బటన్ నొక్కాను.

తెరమీద వాచ్‌మన్ బట్టల్లో బాలనర్సయ్య. జుట్టంతా నల్లగా ఉంది. పెదాలు కదిలాయి. "వెళ్ళు బాబూ, గేటు నేను చూసుకుంటాను" అని వినబడింది.

ఆయన తెర దగ్గరికి వంగాడు. "గిది నా గొంతు గాదు" అన్నాడు.

అది నా గొంతు. విన్న మరుక్షణం గుర్తొచ్చింది, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆడియో ఫంక్షన్‌కి సైట్ రెడీ కావాలన్నారు, క్లిప్పులు శబ్దం లేకుండా వచ్చాయి. డబ్బింగ్ ఇంకా కాలేదన్నారు. ఈ కొట్లోనే కూర్చుని అందరికీ నేనే చెప్పేశాను, కుక్కకి కూడా. పదిహేడు పద్దెనిమిదేళ్ళుగా ఈయన ఇంటా బయటా చెప్పుకుంటున్న డైలాగు నాది.

"తప్పయిపోయింది నర్సయ్యగారూ. మర్చిపోయాను" అన్నాను. టైమ్ మూడు కావస్తోంది.

ఆయన తెరనే చూస్తున్నాడు. "సౌండ్ బంద్ చెయ్యి జర" అన్నాడు.

చేశాను. మళ్ళీ నాలుగు నిమిషాల పూజ, మళ్ళీ కొబ్బరికాయ. వాచ్‌మన్ వచ్చాడు. పెదాలు కదలగానే స్టూలు మీది మనిషి అన్నాడు, "పో బిడ్డా, గేటు నేను జూసుకుంట."

పెదాలకి అక్షరం పొల్లు పోకుండా కలిసింది. నా మాట అయితే వాచ్‌మన్ నోరు మూసేశాక కూడా సాగేది, అప్పుడు పట్టించుకోలేదు. "డైరెక్టర్ నీకొచ్చినట్లు చెప్పు, డబ్బింగ్ల మారుస్తం అన్నడు. నేను గిట్లనే చెప్పిన" అన్నాడు బాలనర్సయ్య.

మైక్ ఆయన ముందు పెట్టి మూడోసారి పూజ చేయించాను. తెరమీది బొమ్మకి ఆయన గొంతు అతికించి, ‘గొంతు ఇవాళ రికార్డు చేసింది’ అని రాసి మూడూ నలభైకి పంపాను.

నాలుగున్నరకి వరప్రసాద్ ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"క్లిప్ చూశామండీ. డైరెక్టర్‌గారికి నచ్చాడు, ఎల్లుండి పొద్దున ఆరింటికి రమ్మనండి. అన్నట్టు, ఆ డబ్బింగ్ చెప్పినాయన ఎవరు? గొంతు భలే ఉంది. ఆయన్ని కూడా పిలిచి ఈయనకి చెప్పించేద్దాం."

బాలనర్సయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. చొక్కా కిందికి లాగి సరిచేసుకున్నాడు.

"నేనే సార్" అన్నాడు. "మూతి నాదే. గొంతు గూడ నాదే."