బాపట్ల గెలుపును మోసిన మాస్టారు

పరంజ్యోతి మాస్టారు వాదంలో ఏనాడూ ఓడలేదని, అవిశ్వాసుల నోళ్లు మూయించిన మహాయోధుడని మొన్న ఆదివారం బాపట్ల సంతాపసభలో వక్తలందరూ వంతులేసుకుని సెలవిచ్చారు. ముప్పై ఏళ్ల కిందట అదే ఊళ్లో ఒక నాస్తికుణ్ణి ఒక్క మాటతో మట్టి కరిపించిన ఘట్టాన్ని ముగ్గురు వర్ణించారు. మూడుసార్లూ చప్పట్లు మోగాయి. చివరి వరుసలో కూర్చున్న నేను లేచి "అబద్ధం" అందామని రెండుసార్లు అనుకున్నాను. దండ వేసిన పటం ముందు గొడవేంటని ఊరుకున్నాను. కాగితం మీద మాత్రం ఊరుకోను. ఇరవై ఏళ్లు ఆయనతో వాదించినదాన్ని. నా నోరు ఆయన ఒక్కరోజూ మూయించలేదు. ఇక మాస్టారు మట్టి కరిపించారని వాళ్లన్న ఆ నాస్తికుడు మా నాన్న.

గత మంగళవారం పొద్దున తెనాలిలోని తమ ఇంట్లో మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ కుప్పకూలి, క్షణాల్లో కన్నుమూశారు. ఆయన సతీమణి కరుణమ్మగారు ఫోనులో ఆ వార్త చెప్పినప్పుడు, "మొన్న శనివారమే కదండీ రేపల్లె రైలుబండిలో మాట్లాడుకున్నాం?" అని నేను ఆవిడతోనే వాదనకు దిగాను. మృత్యువుకు సాక్ష్యం అడిగే మూర్ఖత్వం నాది. మీ చర్చి వేస్తున్న ఈ సంస్మరణ సంచికకు నాచేతే రాయించాలని పట్టుబట్టింది కూడా ఆవిడేనట. నేను దేవుణ్ణి నమ్మను. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, చదివే మీకూ తెలియాలి.

మాది సంగం జాగర్లమూడి. నాన్న సేద్యం చేసేవారు. నా తమ్ముడు ఏడేళ్లవాడు మెదడువాపు జ్వరంతో మూడు రోజులు మూలిగి పోయాక ఆయన దేవుడన్న మాట ఎత్తితే మండిపడేవారు. మతవాదాలు జరిగే సభలన్నిటికీ వెళ్లేవారు. అలాగే బాపట్ల సభకూ వెళ్లారు. డిగ్రీ చదువుతున్న నన్నూ తీసుకెళ్లారు. అక్కడ నాన్న లేచి, "పసిపిల్లలు మూలిగి మూలిగి చచ్చిపోతుంటే మీ దేవుడు ఎక్కడ కూర్చున్నాడండీ?" అని అడిగారు. వేదిక మీద యువకుడైన పరంజ్యోతి మాస్టారు రెప్పపాటులో, "లేడని మీరే అంటున్నారు గదండీ! లేనోడి మీద ఇంత కోపమేంటండీ మరి?" అన్నారు. సభ ఘొల్లుమంది. నాన్న తెచ్చుకున్న కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచారు. ఆ తర్వాత ఏ సభకూ వెళ్లలేదు.

చప్పట్లు కొట్టేవారు కథ ఇక్కడ ఆపేస్తారు. ఎవరో తమ్ముడి సంగతి చెప్పగా విన్న మాస్టారు నాలుగో రోజున సైకిలు మీద మా ఊరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నాన్న లోపల గడియ పెట్టుకున్నారు. నేను పెరటి దారిన బయటికి వచ్చి, "నాన్న ఇంట్లో లేరండి," అన్నాను.

"ఉన్నారమ్మా, దగ్గు వినపడతా ఉంది. పర్లేదు, తీయమని బలవంతపెట్టబాకు. నేను తప్పు మాట్లాడానని చెప్పు. ఆ బాబు సంగతి నాకు తెలియదు. తెలియకపోవడమూ నా తప్పే. ఎందుకడుగుతున్నారండీ అని ముందు నేను అడగాల్సింది."

నెలకోసారి చొప్పున ఏడాదిపాటు వచ్చారు. తలుపు తెరుచుకోలేదు. చివరికి నేనే, "ఇంక రాబాకండి మాస్టారూ, ఊళ్లో అందరూ చూస్తున్నారు," అని పంపేశాను. క్షమాభిక్షకై ఒక విద్వాంసుడు ఒక రైతు గుమ్మం ముందు పన్నెండుసార్లు కూర్చున్న ఈ వృత్తాంతం సభలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

తర్వాత నేను రేపల్లెలో లెక్చరరుగా చేరాను. అక్కడి బడిలోనే లెక్కలు చెప్పే పరంజ్యోతి మాస్టారు రోజూ తెనాలిలో నేనెక్కే బండే ఎక్కేవారు. పగ తీర్చుకుందామనే ఎదురుగా కూర్చునేదాన్ని. కన్యాగర్భం మొదలు పునరుత్థానం దాకా దేన్నీ వదల్లేదు. ఆయనది ఒకటే పద్ధతి. నేనన్నదంతా విని, దాన్ని తన మాటల్లో నాకే తిరిగి చెప్పి, "ఇదేనా అమ్మా మీరన్నది? సరిగ్గా చెప్పానా?" అనేవారు. నేను అవునంటే తప్ప జవాబు మొదలుపెట్టేవారు కాదు. ఒక్కోసారి నా వాదనను నాకంటే బలంగా చెప్పేవారు. "మాస్టారూ, మీరు మా పార్టీలోకి వచ్చేయండి," అంటే పెట్టెలోని పాలవాళ్లతో సహా అందరూ నవ్వేవారు. "వస్తే నాకు జీతమెంతిస్తారేంటి?" అని ఆయనా నవ్వేవారు. తెలియనిచోట "తెలియదమ్మా" అనడానికి ఆయన ఏనాడూ తడుముకోలేదు. అది నటనేమోనని అదే ప్రశ్న ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగి చూశాను. "అప్పుడూ తెలియదన్నాను గదమ్మా, ఇప్పటికీ తెలియలేదు," అన్నారు.

ఒకరోజు మీ సంఘంలోని యువకుడొకడు భట్టిప్రోలులో ఎక్కిన ముస్లిం దర్జీ ఒకాయనతో ఆ మతం తప్పని గట్టిగా వాదిస్తున్నాడు. ఆ పెద్దాయన సంచీ ఒళ్లో పెట్టుకుని ముడుచుకుపోయాడు. మాస్టారు లేచి వెళ్లి, "అబ్బాయ్, ఈయన పేరేంటి?" అన్నారు. కుర్రాడు అప్పుడు ఆ పెద్దాయన మొహంలోకి చూశాడు. "పేరైనా అడగలేదు, ఆయన పరలోకం సంగతి నీకెందుకురా? సాయిబుగారూ, మావాడి తరఫున నన్ను క్షమించండి." ఆ దర్జీ కంగారుపడి, "అయ్యో, అంత మాట ఎందుకు సార్, కూర్చోండి," అని చోటిచ్చాడు. రేపల్లె దాకా ఇద్దరూ చొక్కా కాలర్ల గురించి మాట్లాడుకున్నారు. క్రీస్తు ప్రస్తావన రాలేదు. అయినా నేను విన్న ప్రసంగాలన్నిటిలో నన్ను కదిలించినది అదే.

ఇక నా నేరం. నాలుగేళ్ల కిందట నాన్న పోయారు. ఆసుపత్రి మంచం మీద ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆ మాస్టారు రేపల్లె బండిలో కనపడతాడన్నావు గదా. నాకాయన మీద కోపం లేదని చెప్పవే. కోపం ఎప్పుడో పోయింది. సిగ్గేసి తలుపు తీయలేదు," అన్నారు. చెబుతానన్నాను.

పెద్దకర్మ అయిన వారానికి బండిలో మాస్టారే అడిగారు. "అమ్మా, నాన్నగారు ఎప్పుడైనా నా గురించి ఏమన్నా అన్నారా?" అంత మెల్లగా ఆయన మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. దుఃఖంలో ఉన్నానని సమర్థించుకోను. నా నాలుకకు దుఃఖం అడ్డం రాలేదు. "మీ దేవుడికి అన్నీ తెలుసంటారుగా, ఆయన్నే అడగండి," అన్నాను.

ఆయన నవ్వి, "అడుగుతూనే ఉన్నానమ్మా," అన్నారు. మళ్లీ ఎన్నడూ నన్ను అడగలేదు.

చెప్పాలనే ఉండేది. చెప్పబోతే, ఇన్నాళ్లు ఎందుకు దాచావంటే ఏమనాలి? అనరని తెలుసు, అదే మరీ కష్టం. పదవీ విరమణ తర్వాత ఆయన శనివారాలు మాత్రమే ఆ బండెక్కేవారు. ప్రతి శనివారం వచ్చే శనివారానికి వాయిదా వేశాను. ఆయన పోయే ముందటి శనివారమూ వేశాను.

సభ ముగిశాక కరుణమ్మగారికి అంతా చెప్పేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "ప్రతి రాత్రి ప్రార్థనలో మీ నాన్నగారి పేరు ఉండేదమ్మా. ఆ మాటేదో ఆయన చెవిన పడుంటే ఎంత హాయిగా నిద్రపోయేవారో," అన్నారు. తిట్టలేదు. తిట్టుంటే జవాబు చెప్పుకునేదాన్ని.

అవతలి మనిషి గాయాన్ని తడిమి చూడనిదే తన సత్యాన్ని ఉచ్చరించని అటువంటి ఉపదేశకుడు ఈ డెల్టాలో మళ్లీ నాకు తారసపడడు. ఆయనకు నివాళిగా సమర్పించడానికి నా దగ్గర పువ్వుల్లేవు. ఇవ్వవలసిన మాట ఒకటుంది, పుచ్చుకునే మనిషి లేడు. నేను నమ్మినట్టు పైన ఎవరూ లేకపోతే ఆ మాట ఇక నా దగ్గరే ఉండిపోతుంది. ఆయన నమ్మినట్టే ఉంటే ఈపాటికి ఆయనా నాన్నా ఎదురెదురుగా కూర్చుని ఉండాలి. నా వాదన తప్పు కావాలని జీవితంలో మొదటిసారి కోరుకుంటున్నాను. దీన్ని విశ్వాసమనుకుని ఎవరూ పొంగిపోవద్దు. గత్యంతరం లేకపోవడం, అంతే. ఈ ప్రశ్నను ఓపిగ్గా విని, సరిగ్గా అర్థం చేసుకున్నానా అమ్మా అని అడగగలిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేడు. అయినా అడుగుతున్నాను.

మాస్టారూ, నాన్న తలుపు తీశారా?