ఆయన పేర్చిన రాతిగోడ

మా ఆయన గగన్‌పహాడ్‌లో ఒక రాళ్ల కార్ఖానాలో పనిచేసేవాడు. బండలు కోయడం, నునుపు చేయడం, ఇళ్లకు వెళ్లి పరవడం ఆయన పని. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలోనే నాకు అక్కడ సఫాయి పని దొరికింది.

2010 ఎండాకాలంలో నగరంలోని ఒక పాత మ్యూజియంలో లోపలి హాళ్లు బాగుచేసే పని వాళ్ల సేటుకు వచ్చింది. విగ్రహాలు పెట్టే హాల్లో ఒక గోడ మొత్తానికి తాండూరు రాయి తొడగాలి. రంగులేమీ వద్దు, రాయి రాయిలాగే కనబడాలని అక్కడివాళ్లు అడిగారట. అప్పటిదాకా ఆయన వేసినవన్నీ వంటింటి గట్లు, మెట్లు, బాత్‌రూముల నేలలే.

ఆ రోజుల్లో అన్నం తింటున్నా రాయి మాటే.

"ఒక్క బండ రంగు ఇంకోదానికి ఉండదు. ఎట్లపడితే అట్ల పెడితే గోడ బొంతలెక్క అయితది," అనేవాడు. అందుకని ముందు బండలన్నీ హాల్లో నేల మీద పరిచి, దూరంగా నిలబడి చూసి, నచ్చకపోతే మళ్లీ మార్చేవాడు. "పెద్ద విగ్రహం ఎనక జర నల్లటివి పెట్టిన. ముఖం మంచిగ కనబడుతది."

గోడ పూర్తయిన సాయంత్రం ఇంటికొచ్చి, "ఒక్కసారి వచ్చి సూడు," అన్నాడు.

"పోదాం తియ్యి. గోడ యాడికి పోతది?" అన్నాను.

నాకు వారానికి ఒక్కటే సెలవు, సోమవారం. మ్యూజియం మూసేదీ సోమవారమే. విడిగా అడిగి తీసుకున్న సెలవులు అమ్మను దవాఖానకు తీసుకుపోవడానికో, చర్చిలో ఎవరి పెళ్లికో అయిపోయేవి. మొదట్లో ఆయన అప్పుడప్పుడూ గుర్తుచేసేవాడు. తర్వాత మానేశాడు. మానేశాడని కూడా నేను చాలా ఆలస్యంగా గమనించాను.

మరుసటి ఏడు వానాకాలంలో లారీలోంచి గ్రానైట్ పలక దించుతుంటే ఆయన నడుము పట్టేసింది. ఇక బరువులు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. శంషాబాద్‌లోనే ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. గేటు తీసి మూసే పనిలో ఇంటికొచ్చి చెప్పడానికి ఏముంటుంది? టీవీ చూస్తూ తినేవాళ్లం.

2013లో మా డ్యూటీలు మారి నాకు ఆదివారం సెలవు వచ్చింది. చర్చి నుంచి వస్తూ, "ఇయ్యాల పోదామా?" అన్నాను.

"యాడికి?"

"నీ గోడ సూడనీకి."

ఇంటికొచ్చాక ఇస్త్రీ చొక్కా తీసి వేసుకున్నాడు. ఆరాంఘర్‌లో బస్సు మారి వెళ్లాం.

మ్యూజియంలో దారి ఎవరినీ అడగకుండా ముందు నడిచాడు. విగ్రహాల హాల్లో అడుగుపెట్టి ఆగిపోయాడు. గోడంతా తెల్లటి చెక్కలు. వాటి మీద పెద్ద పెద్ద ఫోటోలు, మధ్యలో ఏదో సినిమా నడుస్తున్న తెర.

"అన్నా, గీడ రాతిగోడ ఉండె గదా?" అని అక్కడి కాపలాదారును అడిగాడు.

"ఉంది. దాని ముందలనే గీ చెక్కలు కొట్టిన్రు. పోయినేడు."

"రాళ్లు తీసేసిన్రా?"

"లే, లోపలనే ఉన్నయి."

కిటికీ పక్కన చెక్క పడని చోట అరచేతి వెడల్పున రాయి కనబడుతోంది. "గిది సూడు," అన్నాడు. చెయ్యి పెట్టాను. చల్లగా, కొంచెం గరుకుగా ఉంది. ఆయన తెల్లటి చెక్కల మీద వేలు పెట్టి చూపించాడు. "గీడ నల్లటివి. గీడికెల్లి పసుపు మొదలైతది." వచ్చినవాళ్లు మా వైపు చూస్తున్నారు. ఆయన ఇంకా చెబితే బాగుండుననిపించింది. ఆపేశాడు.

తిరుగు బస్సులో, "నేను ముందే రావాల్సి ఉండె," అన్నాను.

"నీ డ్యూటీ గట్లుండె. ఏం జేస్తవ్?" అన్నాడు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

"ఫోటో అన్న తీసినవా అప్పుడు?"

"లేదు. నువ్వొచ్చి సూస్తవ్ గదా అనుకున్న."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.