ఫిల్టర్‌కు పెట్టిన బొట్టు

మాది ఏన్కూరు. రెండేళ్ల క్రితం మావారు ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో జర్మనీ కారు కొన్నారు. దానికి మంచి ఆయిల్ ఫిల్టర్ వెతకడానికి ఆయన పడ్డ తిప్పలు నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా పడలేదు! ఖమ్మంలో దుకాణాలన్నీ తిరిగి, కాగితం మడతలు లెక్కగా ఉన్నాయో లేదో చూసి, రబ్బరు రింగు నొక్కి చూసి చివరికి ఒకటి తెచ్చారు. దానికి పైన రేకు డబ్బా ఉండదు, ఉత్త కాగితం చుట్టే.

మర్నాడు మా మరిది పెళ్లిచూపులకు భద్రాచలం ప్రయాణం. తెల్లారగానే మెకానిక్ ఇంటికొచ్చి పాత ఆయిలంతా దించేశాడు. కొత్త ఫిల్టర్ చేతిలోకి తీసుకుని ఇటు తిప్పాడో లేదో, మడతల్లోంచి పసుపూ కుంకుమా జలజలా రాలాయి.

"ఇదేందక్కా!" అన్నాడు బిత్తరపోయి.

మా అత్తమ్మ ముందుకొచ్చింది. "కొత్త వస్తువు గద బిడ్డా, బొట్టు పెట్టకుంట ఎట్ల వాడతం? చుట్టూ పెట్టిన."

"ఇది ఇంజన్ల వేస్తే ఇంజనే పోతది. ఇంకోటి ఖమ్మం నుంచి తేవాల్సిందే" అన్నాడతను.

మావారు నెత్తి పట్టుకున్నారు. నాకు నవ్వాగలేదు. అందరం పట్టుబట్టలతోనే పక్కింటి ట్రాలీ ఆటో ఎక్కి, అడవి దారంతా ఎగిరెగిరి పడుతూ వెళ్లాం. "కారేది?" అని అమ్మాయి వాళ్లు అడిగితే అత్తమ్మ దాచకుండా చెప్పేసింది. లోపలి గదిలోంచి పెళ్లికూతురు పకపకా నవ్వింది. సంబంధం ఖాయమైపోయింది!

మొన్న తెచ్చిన ఫిల్టర్‌ను ఆ అమ్మాయే, అంటే మా తోడికోడలే, బీరువాలో పెట్టి తాళం వేసింది. పొద్దున లేచి చూస్తే బీరువాకు బొట్టు ఉంది.