పిల్లల్ని చూసి కుట్టిన చొక్కాలు

మా టైలరింగ్ టీచరమ్మ పోయిన సోమవారం ఖమ్మంలో కన్నుమూసింది. భద్రాచలంలో నా దుకాణం పక్కనున్న ఎస్టీడీ బూతాయన వచ్చి, "అక్కా, ఖమ్మం నుంచి ఫోను, మీ టీచరమ్మ తమ్ముడంట" అనగానే చేతిలో గుడ్డ వదిలేసి పరిగెత్తాను. నెల్లాళ్లుగా దవాఖానాలో ఉందని తెలుసు. లేచి తిరుగుతుందనే అనుకున్నాను. ఫోను పెట్టేసి వచ్చాక ఆ రోజు ఎవరి గుడ్డా కొయ్యలేదు. చెయ్యి వణికేటప్పుడు కత్తెర ముట్టుకోవద్దని నేర్పింది ఆమే.

ఎనభైల్లో అడవి ఊళ్ల అభివృద్ధి కోసమని ప్రభుత్వం రకరకాల పథకాలు తెచ్చింది. ఒక ఊరికి మేకలిచ్చారు, ఇంకో ఊరికి ఆయిలింజను ఇచ్చారు. దుమ్ముగూడెం దగ్గర మా ఊరికి ఆడవాళ్ల కుట్టు కేంద్రం వచ్చింది. ఆర్నెల్లు శిక్షణ ఇస్తామన్నారు. ఆ తర్వాత మేం ఏం కుట్టాలో, ఎవరికి కుట్టాలో ఏ కాగితంలోనూ రాసి లేదు. చేరిన పన్నెండు మందిలో ఎక్కువమంది కోయ ఆడవాళ్లు. నేను మాత్రం కోస్తా నుంచి వలసొచ్చిన రైతుల ఇంటి పిల్లని, పైగా పదో తరగతి పాసైనదాన్ని. ఆ పదో తరగతి అప్పట్లో నా నెత్తికెక్కి కూర్చుంది. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

టీచరమ్మది ఖమ్మంలో తాతల నాటి నుంచి బట్టలు కుట్టే ముస్లిం కుటుంబం. చేతిలో ట్రంకుపెట్టె, చంకలో పాత చీరముక్కలో చుట్టిన కత్తెరతో బస్సు దిగింది. ఆ కత్తెరతో ఎవరైనా కాగితం కోశారా, వాళ్ల పని అయిపోయినట్టే. "మీ అమ్మ కూర గిన్నెల కాళ్లు కడుక్కుంటదా?" అని అడిగేది. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదకుండా, దానంతట అదే చల్లారేదాకా ఓపిగ్గా చూస్తూ కూర్చునేది. సుద్దముక్క చెవి వెనక పెట్టుకుని గదంతా వెతికేది. మేం చెప్పేవాళ్లం కాదు, ఆ వెతుకులాట చూడ్డం మాకో సరదా. ఎవరైనా తొందరపడితే మాత్రం, "ఎందుకే జల్దీ? ఆ పిల్లను సూడు ముందుగాల, గుడ్డను తర్వాత సూడు" అనేది.

ఆర్నెల్లు పూర్తవుతున్నాయనగా మిషన్లు వెనక్కి తీసుకుపోతారన్న మాట ఊళ్లో పాకింది. మా చుట్టుపక్కల రవికె కుట్టించుకునేవాళ్లు ఎంతమంది గనక? "మిషను పోతె మళ్ల అడవిల బీడీల తునికాకు ఏరుడే" అంది నా పక్క మిషను సమ్మక్క. ఆమెకు మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు. అప్పుడు టీచరమ్మ భద్రాచలంలో ఈ పథకాలు చూసే ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగి, మా ఊరి ఆశ్రమ పాఠశాల పిల్లల యూనిఫాంలు కుట్టే పని మాకు తెచ్చింది. అంతకుముందు ఎవరో కాంట్రాక్టరు ఎక్కడో కుట్టించి మూటలు దింపేవాడు. ఆఫీసరు ఒకటే మాట చెప్పాడు. పంద్రాగస్టుకల్లా బడి మొత్తానికి సరిగ్గా కుట్టిస్తే కేంద్రం ఉంటుంది, ఏటా పని మాదే. లేదంటే మిషన్లు పక్క మండలానికి పోతాయి.

గుడ్డతో పాటు ఆఫీసు నుంచి ఒక లిస్టు వచ్చింది. ఒకటో తరగతికి ఇంత సైజు, రెండో తరగతికి ఇంత సైజు అని. ఎంత సులువు! టీచరమ్మ బొత్తాలకు భద్రాచలం వెళ్లిన రోజు నేను మడతల మీద మడతలు పరిచి, మూడో తరగతికి ముప్పై చొక్కాలు కోసిపారేశాను. వచ్చి శభాష్ అంటుందనుకున్నాను.

"ఏ పిల్లలకే ఇయ్యి?" అంది ముక్కలు తిప్పి చూస్తూ.

"మూడో తరగతికి టీచరమ్మా. లిస్టు ప్రకారమే కోశాను."

"మూడో తరగతి పిల్లల్ని సూసినవా?"

చూడలేదు. బడి మా కిటికీలోంచి కనపడుతూనే ఉంటుంది, అయినా చూడలేదు. నా చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది. మూడో తరగతిలో నూనూగు మీసాలొస్తున్నవాళ్లున్నారు! అడవి ఊళ్ల పిల్లలు బడి మొహం చూసేది ఏ పదేళ్లకో, పన్నెండేళ్లకో. ఆ లిస్టు రాసినాయన పట్నం పిల్లల్ని మనసులో పెట్టుకుని రాశాడు. నేను కోసిన ముక్కలు ఒకడి ఒంటికి ఆనించి చూస్తే రొమ్ము మీద జానెడు ఖాళీ. క్లాసంతా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడ్వకు బిడ్డా, గుడ్డ తడుస్తది" అంది టీచరమ్మ.

మర్నాటి నుంచి ప్రతి పిల్లవాడికీ కొలత తీయాలంది. కానీ టేపు మీది అంకెలు మాలో సగం మందికి చదవరాదు. సమ్మక్క ఒక దారం తీసుకుని, "బుట్టకు వెదురు మేం గిట్లనే కొలుస్తం టీచరమ్మా" అంటూ చేసి చూపించింది. పిల్లవాడికో దారం. భుజం వెడల్పు దగ్గర ఒక ముడి, ఛాతీకి రెండు, పొడవుకు మూడు, నిక్కరు నడుముకు నాలుగు. పేర్లు మాత్రం పిల్లలే చీటీల మీద రాసి ఎవరి దారానికి వాళ్లు కట్టుకున్నారు. టీచరమ్మ ఒక్కో దారాన్నీ టేపు మీద పెట్టి సరిచూసుకుని, సమ్మక్క వీపు తట్టింది. నాకు లోపల భగ్గుమంది, ఎందుకు దాచాలి! నా ముప్పై చొక్కాలకూ పక్కన పట్టీలు అతికి వెడల్పు చెయ్యమంది. ఆ ముప్పై నా చేతే కుట్టించింది.

పంద్రాగస్టుకు వారముందు ముసురులో ఆఫీసరు వచ్చాడు. రాగానే ఆయన చేతికి తగిలింది పట్టీ వేసిన చొక్కానే.

"ఏంటమ్మా ఈ అతుకులు? గుడ్డ పాడుచేసిందెవరు?"

నా మూలంగా కేంద్రం పోతే పన్నెండు ఇళ్ల ఉసురు నాకే తగులుతుంది. నేను నోరు తెరిచేలోపే టీచరమ్మ ముందుకొచ్చింది.

"నేనే సార్. మీరు పంపిన లిస్టు పట్టుకొని కోసిన. పిల్లల్ని సూడలే."

ఆయన లిస్టు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "మరి ఇప్పుడు తీసిన కొలతల రిజిస్టరేది?"

"గా గోడకున్నది సార్" అంటూ మేకులకు వేలాడుతున్న దారాలు చూపించింది. "ఏ పిలగాన్నైనా పిలిచి సూడుండ్రి."

ఆయన ముగ్గుర్ని పిలిచాడు. ముగ్గురికీ చొక్కాలు సరిపోయాయి. "పంద్రాగస్టుకు వస్తా, బడి మొత్తాన్నీ చూశాకే చెబుతా" అని జీపెక్కాడు.

నా తప్పు మీ మీద ఎందుకేసుకున్నారని ఆ సాయంత్రం అడిగాను. "నన్ను తీసేస్తె ఇంకో టీచర్ను పంపుతరు, మీ పని నడుస్తది. నిన్ను తీసేస్తె నువ్వింట్ల కూసుంటవు. పో, పోయి కాజాలు కుట్టు" అంది. నేను నా కాళ్ల మీద నిలబడ్డ ప్రతి ఏడూ ఆ మాట పెట్టిన భిక్షే.

కేంద్రం నిలబడింది. వచ్చే ఏడాది గుడ్డ ఎండాకాలంలోనే పంపిస్తానని ఆఫీసరు పంద్రాగస్టు నాడు మిఠాయిలు పంచేటప్పుడు చెప్పాడు. ఈసారి లిస్టు పంపనని కూడా అన్నాడు. హెడ్‌మాస్టరుగారైతే, "పోయినేడు జనగణమన పాడినంతసేపూ సగం మంది కాంట్రాక్టరు కుట్టించిన వదులు నిక్కరు ఒక చేత్తో పట్టుకునే నిలబడ్డరమ్మా" అని మాకు దండం పెట్టినంత పని చేశాడు.

అవన్నీ తర్వాతి సంగతులు. అంతకుముందు, జెండా తాడు లాగుతున్నప్పుడు, అందరం తలలెత్తి పైకి చూస్తున్నాం. పక్కన టీచరమ్మ లేదు. వెనక్కి తిరిగి చూశాను. పిల్లల వరస వెనకాల కళ్లజోడు ముక్కు మీదికి జారిపోతుంటే, వంగి వంగి నడుస్తోంది. ఒక్కొక్కడి నిక్కరు నడుం దగ్గరా రెండు వేళ్లు దూర్చి, వదులెంతో చూసి, పక్కవాడి దగ్గరికి జరుగుతోంది. జెండా విచ్చుకుంది, పూలు రాలాయి, చప్పట్లు మోగాయి. ఆమె తలెత్తలేదు. ఇంకా సగం వరస మిగిలే ఉంది.