టోకెన్ నాలుగొందల పన్నెండు

బంగార్రాజు చదివింది బుచ్చయ్యపేట బడిలో ఐదో తరగతి. ఆ చదువుతోనే చోడవరం అవతల జనపనార మిల్లులో ముప్ఫై నాలుగేళ్లు మగ్గం నడిపాడు. పన్నెండేళ్లపాటు ఒక్క నాగా లేదు. గోదాములో నిప్పంటుకుంటే తడిగోనెలతో ఆర్పి, మేనేజరు చేత శాలువా కప్పించుకున్నాడు. ఈ ముక్కలన్నీ దారిలో ఆటోవాడికి చెప్పాడు. మూతబడ్డ మిల్లు ఆఫీసులో పాత కాగితాలు చూసే హరిబాబుకీ చెప్పాడు.

“అయ్యన్నీ నా సర్వీసు రికార్డులో ఉంతాయి బాబూ. కాపీ ఇత్తే పింఛనుకి పెట్టుకుంతాను.”

హరిబాబు రిజిస్టరు తిరగేశాడు. “నాలుగొందల పన్నెండో టోకెను నూకరాజుది. నీ ఆధార్‌లో బంగార్రాజని ఉంది కదా తాతా?”

“నూకరాజు మాయన్న. టోకెను ఆడిది, పని నాది.”

అన్న పనిలో చేరిన రెండో ఏడే పాము కరిచి పోయాడు. పెదకర్మ కాకముందే మేస్త్రీ కబురంపాడు, టోకెను ఇంట్లోనే ఉండనీండి, తమ్ముణ్ణి పనిలోకి దింపండని. అప్పట్లో అలా దిగినవాళ్లు చాలామందే. మిల్లు పుస్తకంలో మాత్రం నూకరాజు చావలేదు.

“కాపీ ఆయనకే ఇవ్వాల. లేదంటే వారసులకి,” అన్నాడు హరిబాబు.

మర్నాడు బంగార్రాజు వదిన సన్యాసమ్మను వెంటబెట్టుకొచ్చాడు. పంతొమ్మిదేళ్లకే బొట్టు చెరుపుకుని, చెరకు నరికి బతికిన మనిషి. కొంగుముడి విప్పి మొగుడి మరణ ధ్రువపత్రం బల్లమీద పెట్టింది.

హరిబాబు తేదీ చూశాడు. “ఎనభై అయిదులో పోయిన మనిసి రెండువేల పంతొమ్మిది దాకా పన్జేసేడా? దీన్ని పైకి పంపితే నీమీదే కేసవుద్ది తాతా. అప్పుడే మిల్లు పుస్తకంలో సావు రాయించుంటే ఈవిడికి పింఛనైనా వచ్చును.”

“నిప్పార్పింది నానయ్యా! శాలువా కప్పింది నాకు!”

“పుస్తకంలో నూకరాజుకి కప్పేరు. కాపీ ఇవ్వలేను.”

సన్యాసమ్మ ధ్రువపత్రం మళ్లీ కొంగున ముడేసుకుంది. బంగార్రాజు ఆమెకేసి చూడలేకపోయాడు.

“ఇయ్యకపోతే పోనీ బాబూ,” అంది. “ఆయన పేరున్న కాయితం ఓపాలి సూపించు.”

హరిబాబు రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. ఆమెకు చదువు రాదు. అక్షరాల మీద వేలుపెట్టి మరిదిని చదవమంది.

బంగార్రాజు చదవసాగాడు. “నూకరాజు. పన్నెండేళ్లు నాగా లేదు. నూకరాజు. నిప్పార్పినందుకు శాలువా...” అక్కడ ఆగి రిజిస్టరు మూయబోయాడు.

“సదువు మరిదీ,” అంది సన్యాసమ్మ. “మీయన్న ఇంకేటేటి సేసేడో ఇననీ.”