సుజాత ఆఖరి మ్యాచ్

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. ఏలూరులోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి కొల్లేటికోట నుంచి సుజాత అనే అమ్మాయి తల్లి భుజం పట్టుకుని కుంటుతూ వచ్చింది. జిల్లా మహిళల ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్. తాడేపల్లిగూడెంలో మ్యాచ్ ఆడుతూ పడినప్పుడు మోకాలిలో ఏసీఎల్ తెగింది. తొడ ఎముక కింద కాలి ఎముక జారిపోకుండా పట్టి ఉంచే లిగమెంట్ అది.

ఆపరేషన్ తర్వాత వ్యాయామాలు చేయించడం నా పని. వచ్చినప్పుడల్లా సుజాత ఫోన్‌లో ఒక జర్మనీ డిఫెండర్ వీడియోలు చూపించేది. ఆవిడ అప్పటికే రిటైరైంది.

"ఆవిడకీ మోకాలు పోయిందండీ. మళ్లీ వచ్చి ఎన్నేళ్లు ఆడిందో!"

"తొందరపడకుండా వచ్చి ఉంటుందమ్మా. నువ్వూ తొందరపడకు."

అంతలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి సెలక్షన్స్ పడ్డాయి. వయసు దాటిపోతోంది, ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఒంటికాలి మీద గెంతించి చూశాను. మోకాలు లోపలికి వాలిపోతోంది.

"ఇప్పుడు ఆడితే మళ్లీ తెగుతుంది" అన్నాను.

"తెలుసండీ. ఆడకపోతే ఉద్యోగం ఎలాగూ రాదు కదండీ."

తల్లి వైపు చూశాను. ఆవిడ కూతురి సంచి భుజానికి తగిలించుకుని లేచింది.

సెలక్షన్ మ్యాచ్‌కి సుజాత వెళ్లింది. మొదటి సగం బాగానే ఆడిందట. తర్వాత గోల్ వైపు దూసుకొస్తున్న అమ్మాయిని ఆపబోయి ఒక్కసారిగా పక్కకు తిరిగింది. ఈసారి ఏసీఎల్‌తో పాటు మెనిస్కస్, అంటే ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం, చిరిగిపోయింది. ఇక ఫుట్‌బాల్ మాట మరిచిపొమ్మన్నారు సర్జన్.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఆ జర్మనీ ఆవిడ మానేసిన రోజున స్టేడియమంతా లేచి నిలబడిందండీ. నేను మానేశానని ఎవరికి చెప్పాలండీ?"

"నాకు చెప్పమ్మా. ఆ మ్యాచ్ ఎలా జరిగిందో మొత్తం చెప్పు" అన్నాను.

చెప్పింది. మైదానం ఎంత గట్టిగా ఉందో, ఎవరు ఎటు పరిగెత్తారో, అన్నీ. చివరికి తను పడిన క్షణం దగ్గరికి వచ్చింది.

"నేను పడ్డానండీ. కానీ గోల్ పడనివ్వలేదు."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

ఉద్యోగం రాలేదు. ఇప్పుడు గణపవరంలో బట్టల కొట్లో చేస్తోంది. రోజంతా నిలబడితే సాయంత్రానికి మోకాలు వాస్తుంది. అది పూర్తిగా తగ్గేది కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆట మానేయక తప్పని పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. మోకాలు ముట్టుకోకముందే కూర్చోబెట్టి ఆఖరి ఆట గురించి అడుగుతాను. కాలు బాగుచేయలేని రోజున కూడా నేను చేయాల్సిన పని ఒకటి ఉంటుందని సుజాత వల్లే తెలిసింది.